గుంతకు మొదటి స్థానం

ఈ మధ్య కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు ఎవరు కనబడినా సెల్‌ఫోన్ తీసి నా ముక్కు కింద పెడుతున్నారు. "సార్, మా ఆన్‌లైన్ ఫారానికి ఎన్ని జవాబులొచ్చాయో చూడండి" అంటారు. తెర మీద పచ్చ గీత పైకి పోతుంటే వాళ్ల ముఖాలు కళకళలాడిపోతాయి. చూస్తే నాకు నవ్వూ వస్తుంది, కొంచెం భయమూ వేస్తుంది. రిటైరయ్యే ముందు రెండేళ్లు నేను చేసిన పని అదే. ఏ ఫారానికి ఎక్కువ జవాబులు వచ్చాయి, దేనికి తక్కువ వచ్చాయి అని లెక్కగట్టి, ప్రతి సోమవారం ఒక పట్టీ తయారు చేయడం. ఆ పట్టీని నమ్మి నేను ఒక వీధి మొత్తాన్ని ముంచబోయాను. సగం వాన ముంచింది, మిగతా సగం నా వంతు.

మా ఆఫీసు పెనుకొండలో. ఏ శాఖో చెప్పను. చెబితే నా పెన్షన్ ఫైలు మళ్లీ బయటికి తీస్తారు. ముప్పై ఏళ్లకు పైగా కాగితాల మీద బతికినవాణ్ణి నేను. అర్జీ అంటే నాలుగు మడతల కాగితం, దాని మీద వేలిముద్ర, దాన్ని పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డ మనిషి. ఉన్నట్టుండి ఒకరోజు ఆ మనిషిని ఇంట్లోనే కూర్చోమన్నారు. వీధి దీపాలకు ఒక ఫారం, కొళాయి నీళ్లకు ఒక ఫారం, రోడ్డు మీద గుంతలకు ఒక ఫారం, ఇట్లా పదిహేడు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, చుట్టుపక్కల మండలాలు, అన్నిచోట్ల నుంచీ జవాబులు మా ఆఫీసు కంప్యూటర్లోకి వచ్చి పడేవి.

మా పెద్దసారు చిన్న వయసులోనే పెద్ద కుర్చీ ఎక్కినాయన. మాట పెళుసు, మనిషి మంచివాడు. వచ్చిన మొదటి వారమే ఒక నియమం పెట్టాడు. "వారంలో పది జవాబులు కూడా రాని ఫారమంటే ఆ సమస్య జనానికి లేనట్టే. మూసేసి పైకి రాసేయండి." నాకు ఆ మాట భలే నచ్చింది. ఇన్నేళ్లలో నాకొక నియమం నచ్చడం అదే మొదలు. అప్పుడే అనుమానం రావాల్సింది.

నాకు సాయంగా ఒక కంప్యూటర్ ఆపరేటరమ్మ ఉండేది. రోజూ హిందూపురం నుంచి రైల్లో వచ్చేది. ఇంట్లో కన్నడం, ఆఫీసులో తెలుగు, కోపం వస్తే రెండూ. మా ఆఫీసులో టీ తాగకుండా నౌకరీ చేసిన మనిషి నాకు తెలిసి ఆమె ఒక్కతే. ప్రతి సోమవారం పొద్దున ఇద్దరం పందెం కాసుకునేవాళ్లం, ఈ వారం మొదటి స్థానం దేనిదని. నేను కొళాయి నీళ్లనేవాణ్ణి, ఆమె వీధి దీపాలనేది. ఓడినవాళ్లు మిరపకాయ బజ్జీలు తెప్పించాలి. ఆ రెండేళ్లలో నేను పెట్టించిన బజ్జీలకు లెక్క లేదు.

మాకు ఇంకొక తోడు కూడా ఉండేవాడు, కంటికి కనబడకుండా. అగళి వైపు నుంచి ఒక గొర్రెల కాపరి. ఏ ఫారం తెరిచినా అందులో ఆయన ఉండేవాడు. వీధి దీపం ఏ స్తంభానిది అని అడిగితే "కురిలకు సూది ఎప్పుడు?" అని రాసేవాడు. కొళాయిలో నీళ్లు ఎన్ని రోజులకొకసారి అంటే "కురిలకు సూది ఎప్పుడు?" అనే.

"కురి అంటే ఏందమ్మా?" అన్నాను మొదటిసారి.

"కన్నడంలో గొర్రె సార్. పాపం, టీకా అడుగుతాండాడు."

"గొర్రెల టీకాకు వేరే ఫారం ఉండాది కదా! దాంట్లో రాసుకోవాల గానీ, దీపాల దాంట్లో రాస్తే ఎట్ల?"

గొర్రెల టీకాకు నిజంగానే వేరే ఫారం ఉంది. దాని పేరు "చిన్న నెమరువేయు జీవుల రోగనిరోధక అభ్యర్థన పత్రం". ఆ పేరు పెట్టింది నేనే. తన గొర్రెలు చిన్న నెమరువేయు జీవులని ఆయనకు ఎవరూ చెప్పలేదు. వారానికి పది రాలేదని ఆ ఫారాన్ని ఎప్పుడో మూసేశాం.

ఫారాల తెలుగు నా సొత్తు. ఇంగ్లీషులో పైనుంచి వచ్చినవి నేనే తెలుగు చేసేవాణ్ణి. ఒక్క గుంతల ఫారం మాత్రం తొందరలో, ఇంట్లో అన్నం తింటూ, మా ఆవిడ అడిగినట్టే రాసేశాను. "మీ గుంతలో నీళ్లు నిలిచినాయా? ఎంత లోతు? ఎన్ని రోజులనుంచి? ఎవరికి ఇబ్బంది?" అంతే. తర్వాత చూసుకుంటే చదువు లేనివాడు రాసినట్టుందని నాకే సిగ్గేసింది. మార్చడానికి తీరిక దొరకలేదు. దొరికుంటే ఈ కథే లేదు.

ఆ ఏడు వాన దంచి కొట్టింది. మా కరువు సీమలో వాన పడితే మొదటి రెండు రోజులు పండగ, మూడో రోజు నుంచి ఏం చేయాలో ఎవరికీ తెలియదు. ఐదు రోజులు ఎడతెగకుండా కురిసింది. ధర్మవరంలో మగ్గాలకు నష్టమేమైనా జరిగిందేమో, జరిగితే సాయం వస్తుంది, జనం చేతే ఆన్‌లైన్‌లో నింపించండి అని పైనుంచి ఇంగ్లీషు ఫారం వచ్చింది. గడువు ఆ వచ్చే శుక్రవారం సాయంత్రం ఐదు. నేను ఒక పూటంతా నిఘంటువు పక్కన పెట్టుకుని తెలుగు చేశాను. "అతివృష్టి కారణంగా చేనేత ఉత్పాదక యూనిట్లకు వాటిల్లిన జలప్రవేశ నష్ట స్వీయ ప్రకటన పత్రం." రాసి రెండుసార్లు పైకి చదువుకున్నాను. పెద్దసారు "గంభీరంగా ఉంది" అన్నాడు. ఆపరేటరమ్మ ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోతే ఏదో అన్నట్టే. నాకది ఆలస్యంగా తెలిసింది.

సోమవారం పట్టీ తీస్తే కళ్లు తిరిగాయి. గుంతల ఫారం మొదటి స్థానంలో ఉంది. మామూలుగా కాదు, మిగతావన్నీ కలిపినా దాని మోకాలికి రావు. అందులోనూ దాదాపు అన్నీ ధర్మవరంలో ఒకే ఒక్క వీధి నుంచి. మగ్గాల ఫారానికి రెండే జవాబులు. ఒకటి ఆపరేటరమ్మ సరిగా పని చేస్తోందో లేదో చూడడానికి నింపింది. రెండోది అగళి ఆయన, గొర్రెల సంగతి.

గుంతల జవాబులు ఒక్కొక్కటే చదువుతుంటే నాకు ఒళ్లు మండింది. లోతు: రెండున్నర అడుగులు. ఇబ్బంది: కాళ్లు పెట్టేందుకు లేదు. ఇంకొకరు: అంచు మొత్తం పాడైపోయింది. ఇంకొకరు: పడుగు తడిసింది. ఈ ఆఖరిది వేలు జారి పడిన అక్షరం అనుకుని, "అడుగు తడిసింది" అని దిద్దాను. అంత శ్రద్ధగా పని చేసేవాణ్ణి. పెద్దసారు పట్టీ చూసి ధర్మవరం రోడ్ల ఇంజనీరుకు అప్పటికప్పుడే నోటీసు పంపించాడు. శుక్రవారం లోపల ఆ గుంతలన్నీ పూడ్చాలి.

గంట తిరక్కుండా ఇంజనీరు నాకు ఫోన్ చేశాడు. కదిరి మనిషి, గొంతు పెద్దది.

"ఏం సార్, నా మీద ఏమన్నా పగ ఉండాదా మీకు?"

"నాకెందుకప్పా పగ? జనం రాసినారు, నేను కూడినా."

"ఆ వీధికి నేను మొన్ననే సిమెంటు రోడ్డు ఏయించినా. రెండున్నర అడుగుల గుంత యాడిది సార్? అంత గుంతలో బర్రె పడితే కొమ్ములే కనపడేది!"

"మీ సిమెంటు సంగతి మాకు తెలీదా అప్పా" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ ఆయన ఎదురుపడితే నేనే ముందు నమస్కారం పెడతాను.

"అట్లనా? అయితే శుక్రవారం మీరే రండి. టిప్పర్‌లో కంకర ఏసుకుని వస్తా. మీరు చెయ్యి పెట్టి చూపించిన కాడల్లా పోయిస్తా."

శుక్రవారం పొద్దున బయలుదేరే ముందు ఒక కాగితం తయారు చేసి సంతకం పెట్టాను. మగ్గాల నష్టం ఫారానికి తగినన్ని జవాబులు రానందున ధర్మవరంలో మగ్గాలకు నష్టం లేదని భావించవచ్చును. దాన్ని ఆపరేటరమ్మ చేతికిచ్చి, "ఐదుకు ఫారం మూసేసి, ఇది పెద్దసారు టేబుల్ మీద పెట్టమ్మా" అన్నాను. ఆ కాగితం పైకి పోతే ఆ సాయం ఇక లేదు. అయినా నాకు మనసులో ఏమీ అనిపించలేదు. లెక్క లెక్కే కదా.

ధర్మవరంలో ఆ వీధి మొదట్లో టిప్పర్ నిలబడి ఉంది. ఇంజనీరు చేతులు కట్టుకుని దానికి ఆనుకున్నాడు. నేను వీధిలోకి చూశాను. ఈ చివర నుంచి ఆ చివర దాకా సిమెంటు రోడ్డు, వానకు కడిగినట్టు మెరుస్తోంది. సోమందేపల్లిలో మా ఇంటి గచ్చు కూడా అంత నున్నగా లేదు.

"చూపించండి సార్" అన్నాడు ఇంజనీరు, చాలా మర్యాదగా.

అప్పుడే ఒక ఇంట్లోంచి నలభై అయిదేళ్ల ఆడమనిషి బక్కెట్టుతో బయటికొచ్చి నీళ్లు మోరీలో పారబోసింది. అడిగేందుకు ఒక మనిషి దొరికిందని నేను గబగబా పోయాను.

"ఏమ్మా, ఈడ గుంత యాడుండాది?"

"లోపల సార్."

"లోపలంటే?"

"ఇంట్లో. గుంత ఇంట్లో కాక వీధిలో ఉంటాదా?" అని, మా ఇద్దరినీ, వెనక ఉన్న టిప్పర్‌నీ చూసి ముఖం విప్పార్చుకుంది. "ఫారం చూసి వచ్చినారా? మా ఆయన రారన్యాడు! ఏమే, అందరూ రాండి, గుంత సార్లు వచ్చినారు!"

వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఆమె మమ్మల్ని లోపలికి తీసుకుపోయింది. ఎదురుగా మగ్గం. మగ్గం కింద, నేసేవాళ్లు కాళ్లు దింపుకుని కూర్చునే గుంత. ధర్మవరంలో పాత ఇళ్లన్నిట్లో మగ్గానికి గుంత ఉంటుంది, నేసేవాడు దాని గట్టున కూర్చుని, లోపలున్న చెక్కల్ని కాళ్లతో తొక్కుతాడు. ఆ గుంత నిండా నీళ్లు. తోడేకొద్దీ కింద నుంచి ఊరుతున్నాయి. మగ్గం మీద సగం నేసిన పట్టుచీర, దాని అంచు రంగు దిగి చీరలోకి పాకింది. ఇంకా నేయాల్సిన పట్టు దారాలు, అంటే పడుగు, చెమ్మకు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. నేను అడుగు అని దిద్దిన పడుగు అదే.

గుంత గట్టున ఆమె భర్త కూర్చుని ఉన్నాడు, కాళ్లు పైకి మడుచుకుని. ఆయన కిటికీలోంచి టిప్పర్‌ను చూశాడు.

"ఆ కంకర మా గుంతలో పోస్తారా సార్?"

ఆమె నవ్వి, "పోస్తే పోయనీలే, కాళ్లు యాడ పెట్టుకోవాల్నో కూడా వాళ్లనే అడుగు" అంది.

"అమ్మా, మగ్గాలకు వేరే ఫారం పంపినాం కదా?" అన్నాను.

"మగ్గాల ఫారమా? అట్లాంటిది రాలేదే."

నా ఫోన్‌లో తీసి చూపించాను. ఆమె కూడబలుక్కుంటూ చదివింది. "అతివృష్టి... కారణంగా... ఓ, ఇదా! ఇది కరెంటోళ్లది కదా సార్. మీ యూనిట్లు ఎన్ని అని ఉండాది. మీటర్ చూసి రాద్దామంటే కరెంటే లేకపాయ. ఇంతలో గుంత ఫారం కంటబడింది, మన గుంతల గురించే అడుగుతాండారని గ్రూపులో పెట్టినాము, వీధంతా నింపినాము." ఇంకోసారి నా ఫారం పేరు చూసి, "ఎవురు రాసినారో గానీ సార్, బాగా చదువుకున్నోడే ఉంటాడు" అంది.

"బాగానే చదువుకున్నాడమ్మా" అన్నాడు ఇంజనీరు, నా వైపు చూడకుండా.

ఆమె మాత్రం ఎగతాళిగా అనలేదు. అదే నన్ను ఎక్కువ కాల్చింది. "నేను మూడు తూర్లు నింపినా సార్. నింపినప్పుడల్లా 'మీ జవాబు అందింది' అని వస్తాండాది. అందింది కదా, వస్తార్లే అని నీళ్లు తోడుకుంటా కూర్చున్యాం" అంది. అందింది అన్న ఆ మాట పెట్టింది కూడా నేనే. ఇన్నేళ్ల నౌకరీలో నాకు అంత సిగ్గు ఎప్పుడూ వేయలేదు.

బయటికొచ్చి ఆపరేటరమ్మకు ఫోన్ చేశాను. మధ్యాహ్నం రెండు దాటింది.

"అమ్మా, ఒక ఫారంలో జవాబులు ఇంకో ఫారంలోకి మార్చేకి అవుతుందా?"

"కాదు సార్. ఎవరి ఫోన్‌కు వచ్చే ఓటీపీ వాళ్లే కొట్టాల. ఏమైంది?"

చెప్పాను. "యూనిట్ అనే మాట వద్దని ఆ రోజే చెబుదామనుకున్యా సార్. మీరు రెండో తూరి పైకి చదువుకుంటాంటిరి, మనసు రాలా" అంది.

"నేను సంతకం పెట్టిన కాగితం?"

"నా టేబుల్ మీదే. దాని మీద టిఫిన్ బాక్సు పెట్టినా. ఐదు దాకా లేయదు."

ఇక మొదలుపెట్టాం. ఆ ఇంటి అరుగు మీద నేను, ఎదురు అరుగు మీద ఇంజనీరు, మధ్యలో టిప్పర్ డ్రైవరు. వీధి వీధంతా ఫోన్లు పట్టుకుని వరస కట్టింది. "నేను గుంతలు నింపే మనిషిని సార్, ఫారాలు నింపే మనిషిని కాదు" అని గొణిగాడు ఇంజనీరు. అందరికంటే ఎక్కువ నింపింది ఆయనే. యూనిట్ స్వరూపం అన్న చోట గుంత మగ్గం అని రాయమన్నాను. జలప్రవేశ మార్గం అన్న చోట ఏం రాయాలో రాసిన నాకే తెలియలేదు. కింద నుంచి అని రాయించాను.

వాళ్ల ఫోన్లకు సిగ్నల్ మిద్దె మీదే అందేది. డ్రైవరు పది ఫోన్లు లుంగీలో మూటగట్టుకుని పైకెక్కి, ఓటీపీలు వచ్చాక దిగేవాడు. ఏది ఎవరిదో తేల్చడం ఇంకో పని. ఒక అవ్వ దగ్గర అంతా ఆగిపోయింది.

"అవ్వా, ఫోన్‌కు నంబరు వచ్చింది కదా, చెప్పు."

"చెప్పను. బ్యాంకోళ్లు ఎవురికీ చెప్పొద్దన్యారు."

"నేను గవర్నమెంటు అవ్వా."

"వాళ్లూ అట్లనే అంటారంట."

ఆమెతో వాదించి గెలవలేక ఫోన్ ఆమె చేతికే ఇచ్చాం. కొంగు చాటున పెట్టుకుని, ఒక్కొక్క అంకే వెతుక్కుంటూ, తానే కొట్టింది. ఆ వీధిలో తన ఫారం తాను పూర్తి చేసిన మనిషి ఆమె ఒక్కతే.

ఐదయ్యేసరికి ఇంకా పదకొండు ఇళ్లు మిగిలాయి. ఆపరేటరమ్మకు ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్లీ చేశాను, ఎత్తలేదు. ఫారం మూతపడిందేమో చూడమన్నాను. "తెరిచే ఉండాది సార్!" అని ఇంజనీరు అరిచాడు, తన సొంత మగ్గం దక్కినంత గట్టిగా. పదకొండూ నింపేశాం. చివరిది పోయాక ఐదు నిమిషాలకు ఫోన్ మోగింది. అప్పటికి ఆరు కావస్తోంది.

"సారీ సార్, ఐదుకు ఫారం మూయాలని గుర్తే ఉండాది. టీ తాగేకి పోయినా, లేటయింది. అందరివీ అయినాయా?"

సోమవారం పట్టీలో మగ్గాల ఫారం మొదటి స్థానంలో ఉంది. దాని కింద జరిగిందంతా నేనే రాసి, పెద్దసారు ముందు పెట్టి నిలబడ్డాను. టీ సంగతి ఒక్కటి రాయలేదు. ఆయన రెండుసార్లు చదివి కాగితం పక్కన పెట్టాడు.

"పది రాని ఫారం మూసేయమన్నది నేనే కదా" అన్నాడు. "నాకు నేను మెమో ఇచ్చుకోలేను. మీ ఒక్కరికే ఇస్తాను."

ఇచ్చాడు. నా నౌకరీలో అదొక్కటే మెమో. ఆ వారమే పది జవాబుల నియమం తీసేశాడు. సాయం కొన్ని నెలలు తిరిగి తిరిగి వచ్చింది, కానీ ఆ వీధి వీధంతటికీ వచ్చింది. మగ్గాల ఫారం పేరు "మీ మగ్గం గుంతలోకి నీళ్లొచ్చినాయా?" అని మార్చాను. అదే ఊపులో మూసేసిన గొర్రెల ఫారం తెరిచి, "గొర్రెలకు సూది వేయించాలా?" అని పెట్టాను. మొదటి జవాబు అగళి నుంచి వచ్చింది, ఒకే అక్షరం, కన్నడంలో ఔనని: "హూ." అప్పటినుంచి వీధి దీపాల్లో ఆయన కనబడలేదు. మా ఇద్దరికీ కొన్నాళ్లు ఏదో వెలితిగా ఉండేది.

పిల్లలూ, మీ పట్టీ చేతికొచ్చినప్పుడు ముందు కింది నుంచి చదవండి. సున్నా వచ్చిన చోట మనుషులు లేరనుకోకండి, మీ మాట అందలేదేమో చూసుకోండి. ఈ ముక్క చెప్పడానికి నాకు హక్కు ఉంది, దానికి మెమో కూడా ఉంది.

ఇక నా ఆఖరి వారం. గుంతల ఫారంలో ఆ వీధి నుంచి మళ్లీ ఒక జవాబు వచ్చింది. మళ్లీ నీళ్లొచ్చాయేమో అనుకున్నాను. తెరిచి చూశాను.

ఎంత లోతు? "ఉండాల్సినంత."

ఎన్ని రోజులనుంచి నీళ్లు? "ఇప్పుడు లేవు సార్. ఎండింది."

ఎవరికి ఇబ్బంది? "ఎవురికీ లేదు. మగ్గం ఆడతాండాది. గుంత సార్లకు చెప్పేకి వేరే ఫారం కనపడలా, అందుకే దీంట్లో రాసినా."

ఆపరేటరమ్మ కళ్లు తుడుచుకుని, ఆ వారం బజ్జీలు తానే తెప్పించింది. కానీ కంప్యూటర్‌కు ఇవన్నీ తెలియవు. గుంతల ఫారంలో ఏది పడినా దానికి ఫిర్యాదే. ఏడు రోజుల్లో పరిష్కరించాలని ఇంజనీరుకు దానంతటదే నోటీసు పోయింది. ఆయన నాకు ఫోన్ చేశాడు.

"సార్, దీన్ని ఎట్ల మూయాల? ఏమన్నా చర్య రాయకపోతే పోదంట."

"పోయి చూసొచ్చి, ఉన్నది ఉన్నట్టు రాయప్పా" అన్నాను.

నేను రిటైరయిన రోజు, మెడలో దండ ఉండగానే, చివరిసారిగా ఆ తెర తెరిచాను. ఫిర్యాదు మూతపడి ఉంది. తీసుకున్న చర్య అన్న చోట ఇంజనీరు ఇట్లా రాశాడు: "స్థలాన్ని స్వయంగా పరిశీలించడమైనది. గుంత ఉండవలసిన చోటే ఉన్నది. పూడ్చరాదు."